ఫ్లాషర్ మార్చినా కొట్టని ఇండికేటర్: పాత అంబాసిడర్, పద్మిని వైరింగ్‌లో తప్పు ఎక్కడుంటుంది?

పాత అంబాసిడర్‌లోనో ప్రీమియర్ పద్మినిలోనో ఇండికేటర్ సరిగ్గా కొట్టడం లేదంటే ముందు జరిగేది ఒకటే, కొత్త ఫ్లాషర్ (ఇండికేటర్‌ని ఆపి ఆపి వెలిగించే చిన్న డబ్బా) కొనుక్కొస్తారు. ధర తక్కువ, షాపులో అడగ్గానే దొరుకుతుంది, పీకి పెట్టడానికి పెద్ద పనితనం అక్కర్లేదు. పైగా టిక్ టిక్ అనే చప్పుడు అందులోంచే వస్తుంది కాబట్టి రోగం కూడా అక్కడే ఉందనిపిస్తుంది. తీరా కొత్తది పెట్టాక పాత కథే: కుడివైపు బాగానే కొడుతుంది, ఎడమవైపు వేస్తే వెలిగి అలాగే ఉండిపోతుంది. దాంతో డూప్లికేట్ మాల్ అంటగట్టాడని షాపువాణ్ణి తిట్టుకుంటూ ఇంకోటి కొంటారు. ఈ కార్లలో చాలాసార్లు ఫ్లాషర్ బాగానే ఉంటుంది, దాని గుండా పారాల్సినంత కరెంటు పారడం లేదు, అంతే. ఆ కరెంటుకి అడ్డం పడేది బల్బు హోల్డర్‌లోనో, ఎర్త్ (కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) దగ్గరో, ఎప్పుడో ఎవరో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటులోనో ఉంటుంది.

అంబాసిడర్‌కి మూలం బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివర్లో మొదలైన ఈ బండి 2014లో ఆగిపోయేదాకా ఇంజన్లు మార్చుకుంది, గ్రిల్లు మార్చుకుంది, వైరింగ్ పద్ధతి మాత్రం చాలాకాలం బ్రిటిష్ విద్యుత్ పరికరాల కంపెనీ లూకాస్ దారిలోనే నడిచింది. పద్మినిది ఫియట్ 1100 వంశం, దాని వైర్ల రంగులు వేరు, ఫ్యూజులు వేరు. రంగులు ఎలా ఉన్నా సర్క్యూట్ తర్కం మాత్రం రెండింట్లోనూ ఒకటే, మాడ్యూళ్లు, కంప్యూటర్లు లేవు కాబట్టి వరసగా వెతికితే తప్పు దొరకాల్సిందే. దొరకడం లేదంటే ఎక్కడో ఒక మెట్టు వదిలేసి దూకేశామని అర్థం.

కరెంటు దారి చూద్దాం. బ్యాటరీ నుంచి ఇగ్నిషన్ స్విచ్‌కి, అక్కణ్ణుంచి ఫ్యూజుకి, ఫ్యూజు నుంచి ఫ్లాషర్‌కి, ఫ్లాషర్ నుంచి స్టీరింగ్ దగ్గరి ఇండికేటర్ స్విచ్‌కి. అక్కడిదాకా ఒకటే వైరు. స్విచ్ దగ్గర అది ఎడమ, కుడి అని రెండుగా చీలుతుంది, ఒక్కో వైపు మళ్లీ ముందు బల్బుకీ వెనక బల్బుకీ విడిపోతుంది. బల్బు నుంచి బ్యాటరీకి తిరిగి వెళ్లడానికి వేరే వైరంటూ సాధారణంగా ఉండదు, బండి బాడీయే ఆ వైరు. లూకాస్ పద్ధతిలో ఫ్యూజు దాటిన ఇగ్నిషన్ కరెంటుది పచ్చ వైరు. ఫ్లాషర్ నుంచి స్విచ్‌కి వెళ్లేది లేతపచ్చ మీద గోధుమ గీత, ఎడమ ఇండికేటర్‌ది పచ్చ మీద ఎర్ర గీత, కుడిది పచ్చ మీద తెల్ల గీత, ఎర్త్ వైరు ఉన్నచోట అది నలుపు. ఇదంతా ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి మాట. నలభై ఏళ్లలో నలుగురు ఎలక్ట్రీషియన్ల చేతులు పడ్డ బండిలో పచ్చ వైరు సగం దూరం వెళ్లాక ఎర్రదై, అక్కడి నుంచి ఇంట్లో ఫ్యాన్‌కి వాడే తెల్ల వైరై బల్బు చేరడం మామూలే. కాబట్టి రంగుని నమ్మి వైరు కోయకూడదు, టెస్ట్ ల్యాంపు (రెండు వైర్లు తగిలించిన బల్బు) పెట్టి చూశాకే నమ్మాలి.

ఆ దారి మీద ఒక సంగతి గమనిస్తే సగం పని అయిపోతుంది. స్విచ్‌కి ముందు ఎక్కడ తేడా వచ్చినా రెండు వైపులా ఇండికేటర్లు దెబ్బతింటాయి. స్విచ్ దాటాక తేడా వస్తే ఒక వైపే దెబ్బతింటుంది. ఒక వైపు బాగా కొడుతోందంటే ఫ్యూజు, పచ్చ వైరు, ఫ్లాషర్ మూడూ దాదాపు బాగున్నట్టే, ఇక వాటి జోలికి పోనక్కర్లేదు. ఇంత తేలిగ్గా తేలిపోయే విషయాన్ని పట్టించుకోకుండా ఎడమవైపు ఇండికేటర్ కోసం ఫ్లాషర్ మార్చడమంటే డబ్బులు దండగ చేసుకోవడమే.

రెండు వైపులా అసలేమీ వెలగని బండిని ముందు తీసుకుందాం. ఫ్యూజు చూసేముందు పెట్రోలు ముల్లు చూడండి. లూకాస్ ఫ్యూజు డబ్బాలో ఏ3–ఏ4 మధ్య ఉన్న ఫ్యూజు ఇండికేటర్లతో పాటు పెట్రోలు గేజీని, బ్రేక్ లైటుని, వైపర్‌ని కూడా నడుపుతుంది. కీ తిప్పితే ముల్లు లేస్తోంది, బ్రేక్ లైటు వెలుగుతోంది అంటే ఫ్యూజు బాగున్నట్టు. హారన్ మోగుతోంది కదా అని ఫ్యూజులన్నీ బాగున్నాయనుకోవద్దు, హారన్ ఏ1–ఏ2 ఫ్యూజు మీద ఉంటుంది, దానికి కీతో పనే లేదు. ఫ్యూజు గాజు లోపల తీగ తెగకుండా కనిపిస్తున్నా, రెండు చివరలా ఉన్న క్లిప్పులు నల్లబడితే కరెంటు దాటదు. పద్మినిలో వాడిన కోసు మొనల ఫ్యూజులకి ఈ బాధ ఇంకా ఎక్కువ, స్ప్రింగు పట్టు సడలగానే మొన దగ్గర వేడెక్కి మసిపట్టి కూర్చుంటుంది. ఫ్యూజుని వేలితో అటూ ఇటూ తిప్పితే ఇండికేటర్ బతికిందంటే రోగం దొరికినట్టే. క్లిప్పులు గీకి, కాస్త లోపలికి వంచి బిగువు తెచ్చి, కొత్త ఫ్యూజు పెట్టాలి.

ఫ్యూజు దాటి కరెంటు వస్తున్నా వెలగడం లేదంటే ఫ్లాషర్‌ని పక్కకు తప్పించి చూడాలి. ఫ్లాషర్ మీద బీ అని ఉన్నచోట కరెంటు లోపలికి వస్తుంది, ఎల్ అని ఉన్నచోట స్విచ్‌కి బయల్దేరుతుంది. పీ అనేది ఉంటే డ్యాష్‌బోర్డు మీది చిన్న బల్బు కోసం. ఇటీవలి ఫ్లాషర్ల మీద వీటి బదులు 49, 49ఏ, 31 అని అంకెలు ఉంటాయి, 49 కరెంటు వచ్చేది, 49ఏ బయటికి పోయేది, 31 ఎర్త్. కరెంటు వచ్చే వైరునీ పోయే వైరునీ ఫ్లాషర్ నుంచి తీసి చిన్న వైరు ముక్కతో కలిపి, కీ వేసి, ఇండికేటర్ స్విచ్ ఒక పక్కకి వేయండి. బల్బులు కొట్టకుండా నిలకడగా, కాంతిగా వెలిగాయా, అయితే వైరింగంతా బాగుంది, చచ్చింది ఫ్లాషరే, అప్పుడు నిశ్చింతగా కొత్తది కొనుక్కోవచ్చు. వెలగలేదంటే లేదా గుడ్డిగా వెలిగిందంటే ఎంత ఖరీదైన ఫ్లాషర్ పెట్టినా ఫలితం ఉండదు.

ఆ వైరు ముక్క తర్వాత కూడా పనికొస్తుంది, పారేయకండి.

ఇప్పుడు ఫ్లాషర్ స్వభావం కొంచెం తెలియాలి, ఎందుకంటే ఇండికేటర్ ఎలా తప్పుతోందన్నది దాన్ని బట్టే అర్థమవుతుంది. పాత గుండ్రటి రేకు డబ్బా ఫ్లాషర్ లోపల ఉండేది వేడికి సాగే తీగో, వేడికి వంగే పలుచటి రేకో. బల్బులకి పోయే కరెంటే దాన్ని వేడెక్కిస్తుంది, వేడికి కాంటాక్టు మారుతుంది, చల్లారితే తిరిగి మొదటికి వస్తుంది. అంటే కొట్టే వేగం బల్బులు తాగే కరెంటు మీద ఆధారపడి ఉంది. 21 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది, ముందొకటి వెనకొకటి కలిపి మూడున్నర. ఫ్లాషర్‌ని ఆ మూడున్నర కోసమే తయారుచేశారు. ఒక బల్బు పోతే కరెంటు సగానికి పడిపోయి రేకు వంగడానికి చాలినంత వేడి పుట్టదు, సాధారణంగా మిగిలిన బల్బు వెలిగి అలాగే ఉండిపోతుంది లేదా బద్ధకంగా కొడుతుంది. ట్రాన్సిస్టర్లు ఉన్న ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ సరిగ్గా దీనికి ఎదురు. బల్బు పోయిందని డ్రైవరుకి తెలియాలని కావాలనే గబగబా కొడుతుంది. ఒకే రోగానికి రెండు రకాల లక్షణాలు, కాబట్టి లోపల ఏ రకం ఫ్లాషర్ ఉందో చూడకుండా ఫోన్‌లో లక్షణం చెప్పి సలహా అడిగితే వచ్చే జవాబు తప్పే అయ్యే అవకాశం ఎక్కువ. మూడు కాళ్ల పాత లూకాస్ ఫ్లాషర్‌లో ఇంకో సూచన కూడా ఉంది, రెండు బల్బుల కరెంటూ పారితేనే డ్యాష్‌బోర్డు బల్బు వెలిగేలా దాన్ని కట్టారు. బయట కొడుతూ లోపల పచ్చబల్బు వెలగకపోతే ఆ వైపు ఏదో బల్బు పోయిందన్నమాట.

ఒక వైపే తేడా ఉన్నప్పుడు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి ఏ బల్బు వెలగడం లేదో చూడండి. బల్బు తీసి ఫిలమెంటు చూడటం అందరూ చేసేదే. ఫిలమెంటు తెగలేదు కదా అని అదే బల్బు తిరిగి పెట్టేస్తారు, తప్పు జరిగేది అక్కడే. బల్బు అడుగున సీసం బొట్టులా ఉండే కాంటాక్టు ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి మెత్తబడి, కింద స్ప్రింగు ఒత్తిడికి అది పళ్లెంలా నలిగిపోతుంది, మధ్యలో చిన్న గుంట పడి అంచులకి బూడిదరంగు పొర కడుతుంది. ఆ నలిగిన బొట్టు హోల్డర్‌లోని ఇత్తడి పిన్నుని తాకీ తాకనట్టు ఉంటుంది, రోడ్డు మీద కుదుపుకి వెలుగుతుంది, సిగ్నల్ దగ్గర ఆగితే ఆరిపోతుంది. హోల్డర్ లోపల అట్టలాంటి గోధుమరంగు ఇన్సులేటర్ బిళ్ల ఉండి, దాని మీద ఇత్తడి పిన్ను, వెనక స్ప్రింగు ఉంటాయి. వేలితో పిన్నుని నొక్కితే చటుక్కున తిరిగి రావాలి. వాన నీళ్లు చేరి తుప్పు పట్టిన స్ప్రింగు నొక్కినచోటే ఉండిపోతుంది. అలాంటి హోల్డర్‌ని ఉప్పు కాగితం పెట్టి ఎంత రుద్దినా లాభం లేదు, మార్చేయడమే.

ఇదే చోట ఇంకో చిన్న మోసం ఉంది. రెండు ఫిలమెంట్ల బల్బుకి పక్కల ఉండే పిన్నులు ఎగుడుదిగుడుగా ఉంటాయి, పొరపాటున తలకిందులుగా పెట్టకుండా ఉండటానికే అలా చేశారు. ఒక ఫిలమెంటు బల్బు పిన్నులు సమంగా ఉంటాయి. హోల్డర్ ఇత్తడి అరిగి వదులైతే బలవంతంగా తోసి ఏ బల్బునైనా ఇరికించొచ్చు, పాత టాక్సీల్లో ఇది తరచూ కనిపించే పనే. అప్పుడు పార్కింగ్ లైటు వేస్తే ఇండికేటర్ వెలుగుతుంది, ఇండికేటర్ వేస్తే చిన్న ఫిలమెంటు మిణుకు మిణుకుమంటుంది, బండి యజమాని వైరింగంతా కలిసిపోయిందని కంగారు పడతాడు.

బల్బు, హోల్డర్ బాగున్నాయంటే మిగిలింది ఎర్త్. పాత కార్ల ఇండికేటర్ కష్టాల్లో పెద్ద వాటా దీనిదే.

బల్బు నుంచి తిరుగు ప్రయాణం హోల్డర్ రేకు, దాన్ని పట్టి ఉంచిన స్క్రూ, మడ్‌గార్డు, మడ్‌గార్డుని బాడీకి కలిపే బోల్టులు, బాడీ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి వెళ్లే పట్టీ, ఇన్ని అంచెల మీదుగా సాగుతుంది. వీటిలో ఏ ఒక్క అతుకు దగ్గర తుప్పు చేరినా, పెయింటింగ్ చేయించినప్పుడు రంగు పొర అడ్డొచ్చినా దారి ఇరుకైపోతుంది. డెంటింగ్, పెయింటింగ్ చేయించి తళతళలాడుతూ బయటికొచ్చిన బండికి మర్నాటి నుంచే ఇండికేటర్ కొట్టకపోవడం వెనక రహస్యం ఇదే. ముందు ఇండికేటర్ల వెనక భాగం మడ్‌గార్డు లోపలి వైపు ఉండటంతో చక్రం చిమ్మే బురదంతా దాని మీదికే వస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో అయితే ఉప్పుగాలి ఆ పనిని ఇంకా తొందరగా పూర్తి చేస్తుంది.

ఎంత తుప్పు ఉంటే ఎంత నష్టమో లెక్క వేస్తే విషయం బోధపడుతుంది. వెలుగుతున్న 21 వాట్ల బల్బు నిరోధం దాదాపు 7 ఓములు. ఎర్త్ దారిలో ఒక్క ఓము తుప్పు చేరిందనుకుందాం. 12 వోల్టుల్లో ఒకటిన్నర వోల్టు ఆ తుప్పు దగ్గరే ఖర్చయిపోయి బల్బుకి అందేది పదిన్నర. పోయింది ఒకటిన్నరే కదా అనుకోవద్దు, ఫిలమెంటు బల్బు కాంతి వోల్టేజీ కన్నా చాలా వేగంగా పడిపోతుంది, ఈ లెక్కన కాంతిలో మూడో వంతుకు పైగా పోయినట్టే. మధ్యాహ్నం ఎండలో వెనక వచ్చే లారీ డ్రైవరుకి అది కనపడదు. ఆ ఒక్క ఓమునీ మామూలు మల్టీమీటరు ఓము స్కేలు మీద పట్టుకోవాలంటే కష్టం, మీటరు తీగల నిరోధమే అందులో కొంత ఉంటుంది.

అందుకే మీటరుని ఇంకోలా వాడాలి. ఫ్లాషర్ దగ్గర ఆ వైరు ముక్క మళ్లీ పెట్టి బల్బులు నిలకడగా వెలిగేలా చేయండి, లేకపోతే మీటరు అంకెలు ఎగిరెగిరి పడుతుంటాయి, ఏమీ అర్థం కాదు. మీటరుని డీసీ వోల్టుల మీద పెట్టి, నల్ల తీగ బ్యాటరీ నెగెటివ్ మొన మీద, ఎర్ర తీగ వెలుగుతున్న బల్బు ఇత్తడి ఒంటి మీద ఆనించండి. ఎర్త్ దారి బాగుంటే సున్నాకి దగ్గరగా, 0.1 లేదా 0.2 వోల్టు చూపించాలి. అరవోల్టు, వోల్టు చూపిస్తోందంటే అంత మేర ఎర్త్‌లో పోతున్నట్టు. ఎర్ర తీగని బల్బు ఒంటి నుంచి హోల్డర్‌కి, హోల్డర్ నుంచి మడ్‌గార్డుకి, మడ్‌గార్డు నుంచి బాడీకి జరుపుకుంటూ వెళితే ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోయిందో తప్పు ఆ అతుకులోనే ఉంది. కరెంటు వచ్చే వైపు కూడా ఇదే పద్ధతి, ఎర్ర తీగ బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టి నల్ల తీగని ఫ్యూజు, ఫ్లాషర్ వైరు, స్విచ్, బల్బు అడుగు వరసలో జరుపుకుంటూ పోవాలి.

బల్బు తీసేసి ఖాళీ హోల్డర్‌లో మీటరు పెట్టి 12 వోల్టులు వస్తున్నాయి, వైరింగ్ బాగుంది అనడం ఎలక్ట్రీషియన్లు కూడా చేసే పొరపాటు. మీటరు తాగే కరెంటు లేనట్టే లెక్క, ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు గుండా కూడా అది నిక్షేపంగా 12 చూపిస్తుంది. బల్బు పెట్టి కరెంటు పారించినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఈ విషయంలో డిజిటల్ మీటరు కన్నా పాతకాలం మెకానిక్కులు 21 వాట్ల బల్బుకి రెండు వైర్లు అతికించి చేసుకునే చెకింగ్ బల్బు మేలు, అది అబద్ధం చెప్పదు. టెస్టర్ పేరుతో అమ్మే చిన్న ఎల్ఈడీ స్క్రూడ్రైవర్లు మాత్రం మీటరులాగే మోసం చేస్తాయి.

ఎర్త్ పోయిందనడానికి మీటరు లేకుండానే తెలిసే గుర్తులు కొన్ని ఉన్నాయి, కాస్త వింతగా ఉంటాయి. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక ఎర్ర పార్కింగ్ లైటు కూడా దాంతో పాటు మసకగా కొడుతుంది. లేదా బ్రేక్ తొక్కి పట్టుకుంటే ఇండికేటర్ ఆగిపోతుంది. ఇది వైర్లు కలిసిపోవడం వల్ల కాదు. వెనక దీపంలోని బల్బులన్నిటికీ ఎర్త్ ఒకటే. అది పోయేసరికి ఇండికేటర్ ఫిలమెంటు నుంచి వచ్చిన కరెంటు ఎదురు దారిలో పార్కింగ్ ఫిలమెంటులోకి ఎక్కి, ఆ వైరు వెంట రెండో వైపు దీపానికో నంబర్ ప్లేటు దీపానికో చేరి, అక్కడి ఎర్త్‌లో దిగుతుంది. దారిలో ఇన్ని ఫిలమెంట్లు వరసగా తగలడంతో అన్నీ గుడ్డిగా వెలుగుతాయి. ఈ లక్షణం కనిపిస్తే స్టీరింగ్ విప్పే పని పెట్టుకోకండి. బ్యాటరీ నెగెటివ్ నుంచి పొడుగాటి వైరు లాగి ఆ దీపం హోల్డర్‌కి తాకించండి, వింతలన్నీ ఒక్క దెబ్బతో ఆగిపోతే ఎర్త్ అని ఖాయం. మందు కూడా అక్కడే ఉంది: ప్రతి దీపానికీ హోల్డర్ నుంచి విడిగా నల్ల వైరు వేసి, బాడీ మీద రంగు గీకిన శుభ్రమైన చోట బోల్టుతో బిగించి, పైన కాస్త గ్రీజో వ్యాసెలినో పూయడం. ఫ్యాక్టరీ చేయని పని కదా అని పాతబండి ప్రేమికులు కొందరు ముఖం చిట్లిస్తారు గానీ, లోపల దాగి ఉండే నాలుగు నల్ల వైర్ల వల్ల బండి అసలుతనానికి వచ్చిన ముప్పేమీ లేదు.

జాయింట్ల సంగతి. లూకాస్ వైరింగ్‌లో వైరు కొసన చిన్న ఇత్తడి గుండులాంటి ముక్క ఉంటుంది, రెండు వైపుల నుంచి రబ్బరు తొడుగులోని గొట్టంలోకి తోస్తే జాయింటు అవుతుంది. గ్రిల్ వెనక రేడియేటర్ పక్కన, డిక్కీలో దీపాల వెనక ఇవి గుత్తులుగా కనిపిస్తాయి. రబ్బరు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. లాగి తీసి, గీకి, తొడుగు కొత్తది వేయడం పెద్ద పనేం కాదు. ఇబ్బందల్లా మధ్యలో వేరేవాళ్లు వేసిన జాయింట్లతోనే. రెండు వైర్ల పోగులు మెలిపెట్టి టేపు చుట్టేస్తారు, వేసవిలో ఇంజన్ వేడికి ఆ టేపు జిగురు కారి జారిపోతుంది, వైర్లు బాడీని తాకి ఫ్యూజు పోతుంది. టేపు ముద్దలా ఉన్నచోటల్లా విప్పి చూడాల్సిందే. ఎక్కువ రోజులు షెడ్డులో కదలకుండా ఉన్న బండైతే ఎలుకల్ని కూడా లెక్కలో వేసుకోవాలి, డ్యాష్‌బోర్డు కింద, డిక్కీ మూలల్లో వైరు తోలు ఒలిచేసి వెళతాయి.

ఇండికేటర్ స్విచ్ దగ్గర తప్పులు తక్కువే గానీ వస్తే విసిగిస్తాయి. మీట కొంచెం వెనక్కి పట్టుకుంటే కొడుతుంది, వదిలేస్తే ఆగుతుంది అంటే లోపలి రాగి రేకులు అరిగాయనో, గ్రీజు ఎండి మట్టిలా గట్టిపడిందనో అర్థం. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు అటూ ఇటూ వేస్తే చాలావరకు దారికొస్తుంది. మలుపు తిరిగాక మీట దానంతటదే వెనక్కి రాకపోవడం వైరింగ్ సమస్య కాదు, స్టీరింగ్ షాఫ్టు మీద ఉండే క్యామో, స్విచ్‌లోని చిన్న ప్లాస్టిక్ కొక్కెమో విరిగి ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఇండికేటర్ వచ్చీపోతుంటే కాలమ్‌లోంచి దిగే వైర్ల కట్ట ఎక్కడో నలుగుతోందని చూసుకోవాలి. స్టీరింగ్ చక్రం నడిమధ్యలోనే ఇండికేటర్ మీట ఉండే ఆ తరం బ్రిటిష్ డిజైన్లలో వైర్లు సన్నటి గొట్టంలోంచి కిందికి దిగుతాయి, వాటి తోలు గట్టిపడి పగిలితే హారన్ నొక్కినప్పుడు ఇండికేటర్ మీద ప్రభావం పడటం లాంటి విచిత్రాలు కూడా జరుగుతాయి.

ఇండికేటర్ వేయగానే ఫ్యూజు పోతోందంటే ఎక్కడో షార్ట్ ఉంది. ఫ్యూజుల మీద ఫ్యూజులు తగలేయకుండా, ఫ్యూజు ఉండాల్సిన చోట చెకింగ్ బల్బుని రెండు క్లిప్పులకీ తగిలించండి. షార్ట్ ఉన్నంతసేపు అది పూర్తి కాంతితో వెలుగుతుంది, వైరుని నష్టం లేకుండా కాపాడుతుంది. ఆ ఫ్యూజు మీదున్న మిగతావాటి వల్ల మసకగా వెలిగితే పట్టించుకోనక్కర్లేదు. ఇక వైర్ల కట్టని ఒక్కో చోట పట్టి కదుపుతూ వెళ్లాలి, రేకు కన్నంలోంచి దూరే రబ్బరు బుష్ ఊడిపోయిన చోట్లు, డిక్కీ మూత కీలు దగ్గర, సీటు కింద. ఎక్కడ కదిపితే బల్బు కాంతి తగ్గిందో అక్కడే తోలు ఒలిచిపోయి ఉంటుంది. ఇక్కడ ఫ్యూజు అంకె గురించి ఒక హెచ్చరిక. పాత లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని రాసి ఉంటే అది ఎగిరిపోయే అంకె, నిరంతరం మోసేది సుమారు 17 మాత్రమే. అది చూసి ఇప్పటి లెక్కలో 35 ఆంప్ ఫ్యూజు తెచ్చి పెడితే, షార్ట్ అయినప్పుడు ఫ్యూజు కన్నా ముందు వైరు కాలిపోయే ప్రమాదం ఉంది. సిగరెట్ ప్యాకెట్ రేకు చుట్టి పెట్టే అలవాటు గురించి చెప్పనక్కర్లేదు, ఆ పని చేసిన బండిలో వెళ్లాలంటేనే టెన్షన్.

ఎల్ఈడీ బల్బుల గొడవ వేరు. పాత బండికి కాంతి ఎక్కువ రావాలని ఎల్ఈడీలు పెడతారు, మర్నిమిషం నుంచి ఇండికేటర్ కొట్టదు. పైన చెప్పిన లెక్క గుర్తుంటే కారణం వెతకనక్కర్లేదు. మూడున్నర ఆంపియర్లకి వేడెక్కే రేకుకి ఎల్ఈడీలు తాగే కొద్దిపాటి కరెంటు ఆనదు. దీనికి రెసిస్టర్ పెట్టమని సలహా ఇస్తారు, 6 ఓములు, 50 వాట్లు అని రాసి ఉండే బంగారు రంగు ముక్క. అది పనిచేస్తుంది, కాకపోతే వెలిగిన ప్రతిసారీ 12 వోల్టుల దగ్గర 24 వాట్ల వేడి పుట్టిస్తుంది, కరెంటు ఆదా కోసం ఎల్ఈడీ పెట్టి ఆదా అయినదాన్ని పొయ్యిలో తగలేయడం లాంటిదే. ప్లాస్టిక్‌కో వైర్ల కట్టకో ఆనించి బిగిస్తే ఇంకా ప్రమాదం. బల్బుల కరెంటుతో సంబంధం లేకుండా కొట్టే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్, అంటే ఎర్త్ వైరు కోసం మూడో కాలు ఉండే రకం, పెట్టడమే సరైన పని.

అదీ పెట్టాక కొన్ని బండ్లలో నాలుగు మూలలా ఇండికేటర్లు ఒకేసారి కొడతాయి. ఇది చాలామందిని తికమక పెట్టేది. డ్యాష్‌బోర్డులో రెండు వైపులకీ కలిపి ఒకటే సూచిక బల్బు ఉండి, దాని ఒక కాలు ఎడమ వైరుకీ ఇంకో కాలు కుడి వైరుకీ కలిపి ఉంటే వచ్చే సమస్య ఇది. ఎడమవైపు కరెంటు వచ్చినప్పుడు ఆ చిన్న బల్బు కుడివైపు పెద్ద బల్బుల ద్వారా ఎర్త్ వెతుక్కుంటుంది. పాత ఫిలమెంటు బల్బులకి అంత తక్కువ కరెంటు ఏమాత్రం చాలదు కాబట్టి అవి వెలగవు, సూచిక మాత్రం వెలుగుతుంది. ఎల్ఈడీలకి ఆ కాస్త కరెంటే ఎక్కువ, అవీ వెలిగిపోతాయి. సూచిక బల్బు ఒకసారి తీసేసి చూస్తే తేలిపోతుంది. ఎడమ వైరు నుంచి ఒక డయోడు (కరెంటుని ఒక్క దిక్కుకే పోనిచ్చే ముక్క), కుడి వైరు నుంచి ఒక డయోడు తెచ్చి సూచిక బల్బు ఒక కాలుకి కలిపి, రెండో కాలుని నేరుగా ఎర్త్ చేస్తే సరిపోతుంది. తర్వాత ఎవరో అమర్చిన హజార్డ్ స్విచ్ (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టించేది) లోపల కలిసిపోయినా ఇదే లక్షణం వస్తుంది కాబట్టి, బండికి అలాంటిది ఉంటే దాని వైర్లు విడదీసి కూడా చూడాలి.

1950లు, 60ల నాటి బండైతే కొత్త ఫ్లాషర్ బిగించే ముందు బ్యాటరీ ఏ మొన బాడీకి కలిపి ఉందో చూసుకోండి. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్. రేకు డబ్బా ఫ్లాషర్‌కి అటైనా ఇటైనా ఒకటే, ఎలక్ట్రానిక్ ఫ్లాషర్, ఎల్ఈడీలు మాత్రం తిరగేస్తే పనిచేయవు, లోపలి భాగాలు కాలిపోవచ్చు కూడా. పక్క స్తంభం నుంచి చేయిలా లేచే ట్రాఫికేటర్లు ఉండి, తర్వాత ఎవరో ఇండికేటర్ దీపాలు అమర్చిన బండ్లు కూడా ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నాయి (మోరిస్ మైనర్‌కి 1961 దాకా ఆ చేతులే ఉండేవి). వాటిలో ఫ్యాక్టరీ డయాగ్రామ్ పట్టుకుని వెతికితే లాభం లేదు, అమర్చినవాడి బుర్రలో ఏముందో అదే డయాగ్రామ్. ఇక ఆ కాలపు కొన్ని బ్రిటిష్ కార్లలో వెనక ఇండికేటర్‌కి విడి బల్బే లేదు, బ్రేక్ లైటు ఫిలమెంటునే ఎర్రగా కొట్టించేవారు. దానికోసం డీబీ10 అనే ఎనిమిది కాళ్ల రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) వాడారు. అలాంటి బండిలో బ్రేక్ తొక్కితే ఇండికేటర్ ఆగిపోవడం మొదలైతే ఎర్త్‌తో పాటు ఆ రిలే కాంటాక్టులు కూడా చూడాలి.

ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఇండికేటర్ నెమ్మదించి, ఆక్సిలరేటర్ తొక్కగానే వేగం పుంజుకుంటే, డైనమో (బ్యాటరీని చార్జ్ చేసే పాతకాలం యంత్రం) ఉన్న బండిలో అది రోగం కాదు. ఐడిల్‌లో డైనమో చార్జింగ్ దాదాపు ఇవ్వదు, హెడ్‌లైట్లు, వైపర్ అన్నీ బ్యాటరీ మీద పడి వోల్టేజీ దిగుతుంది, ఫ్లాషర్ రేకు నింపాదిగా వేడెక్కుతుంది. మరీ ఎక్కువ తేడా ఉంటే బ్యాటరీ మొనలు, ఇంజన్ నుంచి బాడీకి ఉండే ఎర్త్ పట్టీ చూసుకోవాలి. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టాలి, రంగు అంబర్. సొంత కారుకి 15 ఏళ్లు దాటాక ప్రతి 5 ఏళ్లకీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం బండిని తనిఖీకి పెట్టాలి, అక్కడ చూసేవాటిలో దీపాలు కూడా ఉంటాయి.

వైరింగ్ మొత్తం మార్చేయాలా అన్న ప్రశ్న చివరికి వచ్చి తీరుతుంది. వైరుని రెండు వేళ్లతో వంచితే తోలు పెటపెట పగిలి రాలుతోందంటే, కత్తిరించిన కొసన రాగి మెరవకుండా నల్లగా ఉందంటే అతుకులు వేసుకుంటూ పోవడం వృథా, పూర్తి సెట్టు వేయించుకోవడమే నయం. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత వైరింగ్ ఎదురుగా పరుచుకుని దాని కొలతలతో కొత్తది కట్టించుకోవచ్చు, పాతది తీసేముందు ప్రతి కొసకీ కాగితం ముక్క కట్టి ఎక్కడిదో రాసి, ఫోటోలు తీసి పెట్టుకోవాలి. తోలు ఇంకా మెత్తగా ఉందంటే మాత్రం ఆ ఖర్చు అక్కర్లేదు. నాలుగు దీపాలకి కొత్త హోల్డర్లు, నాలుగు ఎర్త్ వైర్లు, జాయింట్లకి కొత్త తొడుగులు వేయించి, ఆ తర్వాత కూడా ఇండికేటర్ కొట్టకపోతే అప్పుడు ఫ్లాషర్ కొనండి.